అంగారకుడి గాలి విన్న రాత్రి

నిన్న రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక, నాసా వారి చక్రాల వాహనం పెర్సెవరెన్స్ రోవర్ 2021 ఫిబ్రవరిలో అంగారకుడిపై దిగిన కొద్ది రోజులకే పంపిన గాలి సవ్వడిని హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. పొలం గట్టు మీద సాయంత్రం వీచే గాలిలాగే ఉంది, ఒళ్లు గగుర్పొడిచింది.

అది కంప్యూటర్లో తయారుచేసిన ధ్వని కాదు, మైక్రోఫోను నిజంగా పట్టుకున్నది. భూమి వాతావరణ పీడనంలో ఒక శాతం కూడా లేని, దాదాపు అంతా కార్బన్ డయాక్సైడే అయిన ఆ పలచని గాలిలో శబ్దం త్వరగా నీరసించిపోతుంది, అందులోనూ సన్నని స్వరాలు ముందుగా అణగారిపోతాయి. అయినా 80 మీటర్ల దూరంలో ఎగిరిన, రోవర్‌తో పాటే వెళ్లిన ఇన్‌జెన్యుయిటీ హెలికాప్టర్ రెక్కల 84 హెర్ట్జ్ మోత ఆ మైకుకు అందింది. రోవర్ లేజర్ రాళ్లను తాకినప్పుడు పుట్టే చిటుకు శబ్దం మైకును చేరడానికి పట్టే సమయాన్ని కొలిచి, హెలికాప్టర్ మోతనూ పరిశీలించిన శాస్త్రవేత్తలు, అక్కడ ధ్వని వేగం సెకనుకు సుమారు 240 మీటర్లని, 240 హెర్ట్జ్‌కు పైబడిన స్వరాలు మాత్రం ఇంకో 10 మీటర్ల అదనపు వేగంతో వస్తాయని తేల్చారు. ఒకే పాటలోని సన్నని స్వరాలు మంద్రస్వరాల కంటే ముందు చెవిని చేరే చోటు అన్నమాట!

తర్వాత గురుగ్రహపు ఉపగ్రహం గనిమీడ్ 'ధ్వని' విన్నాను. జూనో నౌక 2021 జూన్ 7న ఆ ఉపగ్రహం పక్కగా వెళ్తూ నమోదు చేసిన విద్యుత్, అయస్కాంత తరంగాల పౌనఃపున్యాన్ని మన చెవికి అందే స్థాయికి మార్చగా వచ్చినది అది. దాన్ని తక్కువ చేయను. అయితే అది అనువాదం, అంగారకుడి గాలి అసలు గొంతు. అందుకే నిద్ర పట్టేదాకా మళ్లీ మళ్లీ ఆ గాలినే వింటూ ఉండిపోయాను.