మంగమారిపేట ఇసుక, మేడ మీద నీడ

ఫిబ్రవరి 19, గురువారం

ఈ రోజు పనులు మూడే. పొద్దున్న రైతు బజారు, మధ్యాహ్నం మేడ మీద నీడ కొలత, సాయంత్రం విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో మంగమారిపేట తీరం. మధ్యలో మంగళవారం చూసొచ్చిన కురుసుర జలాంతర్గామి తాలూకు బాకీ ఒకటి తీరాలి. ఇంటి దగ్గర చదువుకునే పిల్లల్ని ఊళ్లో ఎక్కడికి తీసుకెళ్లినా ఒక ప్రశ్న పట్టుకుని వెళ్లాలి, ఒక కొలత పట్టుకుని రావాలి. నాలుగు చోట్లు ఒకే రోజు చుట్టేస్తే ఫోటోలు మిగులుతాయి గానీ నోట్సులో రాసుకోడానికి ఏమీ మిగలదు.

ఎంవీపీ కాలనీ రైతు బజారుకి ఏడున్నరకే వెళ్లాలి. ఎనిమిదిన్నర దాటితే జనం తోసుకుంటారు, పిల్లలకి త్రాసు కనబడదు. గుమ్మం దగ్గర రాసిన ధరల బోర్డు చిన్నోడికి తెలుగు వాచకం. దొండ, బెండ, బీర వరకూ గడగడా చదివాడు, ఉల్లిపాయల దగ్గర ఒత్తు కోసం ఆగాడు. పెద్దమ్మాయి పని వేరు. ముందు చేత్తో పట్టుకుని బరువు చెప్పాలి, తర్వాత త్రాసు మీద పెట్టించాలి, డబ్బు ఎంతయిందో అమ్మేవాళ్లు చెప్పేలోపు తనే చెప్పాలి. కిలో 24 చొప్పున ముప్పావు కిలో టమాటా 18 రూపాయలని వెంటనే చెప్పింది. చేతి అంచనా మాత్రం 500 గ్రాములంది. పిల్లలు చూడగానే పెద్ద వస్తువు తేలిక అయినా బరువనీ, చిన్నది బరువైనా తేలికనీ అనుకుంటారు. అందుకే ప్రతిసారీ ఒక క్యాబేజీ, ఒక కంద ముక్క పక్కపక్కన పట్టించాలి.

ఇంటికొచ్చాక గోంగూర లెక్క. కట్ట 10 రూపాయలు, బరువు 320 గ్రాములు. ఆకు దూసి కాడలు తీసేస్తే 170 గ్రాములు, అంటే నూటికి 53 వంతులు. ఆ లెక్కన తినే ఆకు కిలో దాదాపు 59 రూపాయలు పడింది. తోటకూరలో లేత కాడ కూడా కూరలోకి వెళ్తుంది కాబట్టి ఈ లెక్క మారిపోతుంది. శాతాలు నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలీదు, పైగా ఆ ఆకే మధ్యాహ్నం పచ్చడి అయింది.

తర్వాత కురుసుర బాకీ. ఆర్‌కే బీచ్‌లో ఒడ్డుకి లాగి పెట్టిన ఆ జలాంతర్గామి 91.3 మీటర్ల పొడవు. సోవియట్ యూనియన్‌లో కట్టింది, 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో విరమించింది, 2002లో ప్రదర్శనశాల అయింది. సోమవారం సెలవు. పిల్లలతో వెళ్లేవాళ్లు లోపల మీటలూ గొట్టాలూ అన్నీ చూపించాలనుకుంటారు. మేం పట్టుకెళ్లిన ప్రశ్న ఒక్కటే: ఇంత ఇనుము మునిగి, మళ్లీ ఎలా తేలుతుంది? జవాబు బల్ల మీద సీసాలో దొరకాలి.

పెన్ను క్యాప్ ఒకటి తీసుకుని పైన చిల్లు ఉంటే ఎం-సీల్‌తో మూసేయాలి. కింద క్లిప్ కొసకి బంకమట్టి ఉండ పెట్టాలి. నేరుగా సీసాలో వేయకూడదు. ముందు గ్లాసు నీళ్లలో వేసి, కొస మాత్రమే గోరంత పైకి కనబడేదాకా మట్టి కలుపుతూ తీస్తూ సరిచేయాలి. అప్పుడు లీటరు కూల్‌డ్రింక్ సీసాని మూతి అంచు దాకా నీళ్లతో నింపి, క్యాప్‌ని నిటారుగా వదిలి, మూత గట్టిగా బిగించాలి. సీసా నొక్కితే క్యాప్ మునుగుతుంది, వదిలితే లేస్తుంది. నీరు నొక్కితే కుంచించుకోదు, క్యాప్‌లో చిక్కిన గాలి కుంచించుకుంటుంది. ఆ ఖాళీలోకి నీరు ఎక్కి బరువు పెరుగుతుంది.

ఇందులో చెడేవి మూడు. సీసా పైన గాలి ఎక్కువ మిగిలితే మామూలు నొక్కుడికి కదలదు, ఎందుకంటే ముందు ఆ గాలే నలుగుతుంది. క్యాప్ వేసేటప్పుడు వంకరైతే లోపలి గాలి బుడగై పోయి, మునిగింది మళ్లీ లేవదు. మందపాటి సీసా అయితే చిన్నోడి చేతికి లొంగదు. క్యాప్ మునగగానే చిన్నోడు చప్పట్లు కొట్టి వదిలేశాడు. పెద్దమ్మాయి మాత్రం క్యాప్ లోపల నీటి గీత పైకి ఎక్కడం కళ్లతో చూసి, అక్కడ స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టింది. ఒక్క తేడా చెప్పి తీరాలి. కురుసురని ఎవరూ బయటి నుంచి నొక్కరు. దాని తొట్ల పై కవాటాలు తెరిస్తే గాలి పోయి కింది నుంచి సముద్రం ఎక్కుతుంది. తేలాలంటే దాచిపెట్టిన ఒత్తిడి గాలితో ఆ నీటిని బయటికి తోస్తారు. ఇది చెప్పకపోతే పిల్లల తలలో తప్పు బొమ్మ నిలిచిపోతుంది.

పదకొండు దాటాక మేడ, సూర్యుడు నడినెత్తికి ఎప్పుడొస్తాడో కొలవడానికి. మీటరు పీవీసీ గొట్టం, దారానికి నట్టు కట్టిన తూకపు గుండు, సుద్దముక్క, టేపు, సెల్‌ఫోన్ గడియారం. గొట్టాన్ని ఇసుక బకెట్లో నిలబెట్టి, దారం పక్కన పెట్టి రెండు వైపుల నుంచీ నిటారుగా ఉందో లేదో చూడాలి. ఒకవైపే చూస్తే రెండో వైపు వంగి ఉంటుంది, కొలత అంతా తప్పుతుంది.

చాలామంది ఐదేసి నిమిషాలకి నీడ కొస గుర్తుపెట్టి అన్నిటికంటే పొట్టి నీడ ఎప్పుడో చూస్తారు. అది దొరకదు. నడినెత్తి దగ్గర పది పదిహేను నిమిషాల పాటు నీడ పొడవు మారుతున్నట్టే ఉండదు. పైగా సూర్యుడు చుక్క కాదు, పళ్లెం. అందువల్ల మీటరు గొట్టం నీడ కొస సుమారు సెంటీమీటరు మేర మసకబారి ఉంటుంది. పాతకాలం పద్ధతే మేలు. గొట్టం అడుగు చుట్టూ తాడుతో వలయం గీసి, పొద్దున నీడ కొస వలయాన్ని తాకిన క్షణం, మధ్యాహ్నం మళ్లీ తాకిన క్షణం రాసుకుని రెండిటి నడిమధ్య తీసుకోవాలి. ఆ రెండు సమయాల్లో నీడ వేగంగా కదులుతుంది కనుక పొరపాటు చిన్నది. కొసకి చిన్న చిల్లున్న అట్టముక్క అతికిస్తే నీడ మధ్యలో వెలుగు చుక్క పడుతుంది, మసక కూడా బాధించదు.

నీడ కొస 62 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న వలయాన్ని 11:20కి ఒకసారి, 1:02కి ఒకసారి తాకింది. నడిమధ్య 12:11. అప్పుడు నీడ 56 సెంటీమీటర్లు, ఆ గీతే ఉత్తరం. పెద్దమ్మాయికి 12:11 నచ్చలేదు, పన్నెండు రావాలంది. మన గడియారం నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం మీద, విశాఖ ఉన్నది 83.3 దగ్గర. ఆ లెక్కన సూర్యుడు ఇక్కడ మూడు నిమిషాలు ముందే నడినెత్తికి రావాలి. కానీ భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి సరి వృత్తం కాదు, భూమి ఇరుసు కూడా వంగి ఉంది. ఆ రెండిటి వల్ల ఫిబ్రవరిలో సూర్యుడు గడియారం కంటే దాదాపు 14 నిమిషాలు వెనకబడతాడు. 14లో 3 పోతే 11. ఆ తీసివేత తన చేత్తో చేశాకే ఊరుకుంది. మే రెండో వారంలోనూ ఆగస్టు మొదట్లోనూ ఇదే గొట్టానికి మధ్యాహ్నం నీడే ఉండదు. సుద్ద వలయం వానకి పోకుండా పెయింటు వేసి ఉంచాం.

మూడింటికి భీమిలి వైపు బీచ్ రోడ్డులో వెళ్లే 900కె బస్సు. అమావాస్య మొన్ననే వెళ్లింది కాబట్టి ఆటు బాగా ఉంటుంది. ఈ రోజు నీరు అన్నిటికంటే తగ్గేది నాలుగింటికి కాస్త అటూ ఇటూ. అక్కడికి చేరాల్సింది దానికి కాస్త ముందు, వెనక్కి వచ్చేయాల్సింది తర్వాత ముప్పావు గంటలోపు. ఇక్కడ పెద్ద పోటుకీ ఆటుకీ తేడా మీటరున్నర లోపే. అయినా ఏటవాలు తక్కువున్న ఒడ్డులో ఆ తేడాకే నీటి అంచు ఎన్నో అడుగులు వెనక్కి జరుగుతుంది. పడవ దగ్గర వల బాగుచేసుకుంటున్న తాతని పెద్దమ్మాయి అడిగింది, రోజూ ఇంత దూరం పోతుందా తాతా అని. “రోజూ ఎందుకు పోద్ది తల్లీ, అమాసకీ పున్నానికీ ఎనక్కి బాగా లాగెస్తాది” అన్నాడు.

కెరటం కొట్టి కొట్టి తొలిచిన రాతి తోరణం దూరం నుంచే చూపించాం. దాని కిందకీ పైకీ ఎవర్నీ వెళ్లనివ్వకూడదు. నాచు పట్టిన రాయి సబ్బులా జారుతుంది. విశాఖ సముద్రంలో పిల్లలకి చీలమండ లోతే హద్దు, వీపు సముద్రం వైపు తిప్పకూడదు. రోడ్డుకి అవతల తొట్లకొండ ఉంది. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం, కొండరాతిలో తొలిచిన నీటి తొట్లు. అది ఇంకో రోజు, తొట్ల ఘనపరిమాణం కొలవడానికి.

ఈ రోజు ప్రశ్న: తీరంలో నల్ల ఇసుక ఎక్కడ ఉంటుంది? ఐదు మీటర్లకో ముడి వేసిన 25 మీటర్ల తాడుని నీటి అంచు నుంచి ఒడ్డు పైకి తిన్నగా పరిచి, ముడి ముడి దగ్గరా టీ గ్లాసుడు ఇసుక తీసి విడివిడి కవర్లలో వేశాం, ఆరు కవర్లు. కవరు మీద పెన్నుతో రాస్తే తడికి అలుక్కుపోతుంది. కాగితం చీటీ మీద పెన్సిల్‌తో రాసి లోపల పడేయాలి, పెన్సిల్ రాత తడికి చెదరదు. మేం తీసింది గుప్పెళ్ల లెక్కే. ఇదే దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం చిటికెడు కూడా తీయకూడదు, అది రక్షిత భూవారసత్వ స్థలం.

ఇంటికొచ్చాక పాత పెనం మీద సన్నటి మంటపై ఆరు నమూనాలూ విడిగా ఆరబెట్టి, ఒక్కోటీ 100 గ్రాములు తూచాం. తడి ఇసుక తూస్తే నీటి బరువే తూచినట్టు. తర్వాత బియ్యంలో రాళ్లు గాలించినట్టే. వెడల్పాటి స్టీలు గిన్నెలో నీళ్లు పోసి, గుండ్రంగా తిప్పుతూ పైకి లేచిన తెల్ల ఇసుకని ఇంకో గిన్నెలోకి వంచేయాలి. అమ్మమ్మ చేసి చూపించింది. ఒకేసారి వంచేయకూడదు, తిప్పి కాసేపు ఆగి, అడుగున నల్లది కూర్చున్నాకే వంచాలి. పెద్దమ్మాయి మొదటి గిన్నె తొందరలో సగం నల్లది పారబోసింది, ఆ నమూనా రెండో గిన్నెలోంచి మళ్లీ మొదలుపెట్టాల్సొచ్చింది. గాలించిన నల్లదాన్ని మళ్లీ ఆరబెట్టి తూస్తే, నీటి అంచు దగ్గర 3 గ్రాములు, తర్వాత వరసగా 4, 6, 11, ఇరవయ్యో మీటరు దగ్గర 38, ఇరవై ఐదో మీటరు దగ్గర 9.

పిల్లలిద్దరూ నీటి అంచులోనే ఎక్కువుంటుందని ముందే రాసి పెట్టారు. ఆ రాత కొట్టేయనివ్వలేదు, పక్కనే అంకెలు రాయించాను. కెరటం ఊపుగా పైకెక్కి బరువైనవీ తేలికవీ కలిపి తెస్తుంది. వెనక్కి జారేటప్పుడు బలం తక్కువ, తేలికవే పట్టుకుపోతుంది. అందుకే పోటు కెరటం ఆగే గీత దగ్గర నల్ల చార.

బరువు సంగతి కూడా తేల్చాం. కొలగ్లాసులో ముందు 40 మి.లీ. నీళ్లు పోసి, తర్వాత ఇసుక మెల్లగా పోయాలి. ఇసుక ముందు వేసి నీళ్లు పోస్తే మధ్యలో గాలి చిక్కి లెక్క పెరుగుతుంది. 70 గ్రాముల నల్ల ఇసుకకి నీరు 57కి ఎక్కింది, సాంద్రత 4.1. అదే బరువు తెల్ల ఇసుకకి 66, సాంద్రత 2.7. తెల్లది ఎక్కువగా క్వార్ట్‌జ్ (పలుగురాయి), దానికి పుస్తకంలో ఉన్నది 2.65.

పాత స్పీకర్ అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి నల్ల ఇసుక మీద తిప్పాలి. కవరు లేకుండా పెడితే ఆ రేణువులు జన్మలో ఊడవు. కవరుంటే అయస్కాంతాన్ని లోపల్నుంచి తీసేయగానే అన్నీ రాలిపోతాయి. ముందు ఎగిరొచ్చి అంటుకునేది మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం, బాగా దగ్గరికి తెస్తే గానీ కదలనిది ఇనుము, టైటానియం కలిసిన ఇల్మనైట్. కాగితం మీద మిగిలిన వాటిని పది రెట్ల భూతద్దంలో చూస్తే గులాబీ, ఎరుపు రంగు గాజుపలుకుల్లాంటివి కనబడ్డాయి, గార్నెట్ అనే ఖనిజం రేణువులు. తూర్పు కనుమల ఖొండలైట్ రాళ్లలో ఉండేవి ఇవే, రాయి మగ్గి వానకి కొట్టుకొచ్చి సముద్రం చేరాయి. ఆ రాతికి పేరు ఖోండు గిరిజనుల వల్ల వచ్చింది. చిన్నోడు భూతద్దం వదల్లేదు, నలభై దాకా లెక్కపెట్టి మళ్లీ మొదటికొచ్చాడు.

ఈ కాగితాలన్నీ తేదీ వేసి ఫైల్లో పెట్టడం రాత్రి పని. బడికి పంపనివాళ్లని అందరూ అడిగేది పరీక్షల సంగతే. ఎన్ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక పాఠశాల విద్యా సంస్థ) వారి ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్‌లో ఏ, బీ, సీ అని మూడు స్థాయిలున్నాయి, మూడు, ఐదు, ఎనిమిది తరగతులకి సమానం. పదో తరగతి ఎన్ఐఓఎస్‌లో గానీ ఏపీ ఓపెన్ స్కూల్లో గానీ 14 నిండాక రాయొచ్చు. పెద్దమ్మాయికి బీ స్థాయి పుస్తకాలు తెప్పించాం. వాటికి వారంలో మూడు పొద్దుటిపూటలు చాలు. చేతిరాత మాత్రం రోజూ ఉండాలి, ఈ రోజు ఆరు వాక్యాలు రాసింది, ‘అయస్కాంతం’లో స్కా ఒత్తు రెండుసార్లు తప్పింది.

గార్నెట్లు చిన్న సీసాలో పోసి చీటీ అంటించాం. తెల్ల ఇసుక ఇంకా తడిగా ఉంది, న్యూస్ పేపరు మీద ఆరబోశాం, ఫ్యాను గాలి తగలని మూల. రేపు దాన్నీ నల్లదాన్నీ పొడుగు సీసా నీళ్లలో ఒకేసారి వదిలి ఏది ముందు అడుగుకి చేరుతుందో చూడాలట. రెండూ ఒకే జల్లెడలో పట్టిన ఒకే సైజు రేణువులై ఉండాలి, లేకపోతే పందెం సరికాదు.