కోళ్ల షెడ్డులో వాసన మీద కాదు, దుమ్ము మీద పడ్డా: ఆరు వారాల లెక్క

ఉన్నవి పదహారు కోళ్లే. షెడ్డూ చిన్నదే. అయినా పది నిమిషాలు లోపలుండి వస్తే స్నానం చేసేదాకా ఆ కంపు వదలదు. విచిత్రమేంటంటే లోపల అంతగా తెలియదు, బయటికొచ్చి చొక్కా విప్పేటప్పుడు గుప్పున కొడుతుంది. వాయువైతే గాల్లో కలిసిపోవాలి కదా, బట్టల్లో ఎందుకు కూర్చుంటుంది?

మొదటి వారం. ఫ్యాన్ రెక్కల మీద పేరుకున్న బూడిదరంగు నూగుని ఓ చెంచాడు గీకి గాజు సీసాలో వేసి మూత బిగించా. పక్కన ఖాళీ సీసా ఒకటి. రెండూ గంటసేపు ఎండలో పెట్టి మూత తీశా. ఖాళీ దాంట్లో ఏమీ లేదు. నూగున్న దాంట్లోంచి అచ్చం నా చొక్కా వాసన! మర్నాడు తీసినా అదే.

ఆ నూగులో ఉండేది దాణా పొడి, ఈకల ముక్కలు, చర్మం పొట్టు, ఎండిన రెట్ట. కొవ్వు ఆమ్లాలు, ఇండోల్, స్కాటోల్ లాంటి కంపు పదార్థాలు ఈ రేణువులకి అంటుకుని ప్రయాణిస్తాయి, వెచ్చదనమో తేమో తగిలితే మళ్లీ వదులుతాయి. మన ముక్కులో ఆ రెండూ ఉన్నాయి మరి. గాలి కదలకుండా ఉంటే 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువు రెండు మీటర్ల ఎత్తు నుంచి నేలకి దిగడానికి పది పదకొండు నిమిషాలు చాలు, 1 మైక్రాన్‌దైతే పదిహేను గంటల పైనే. అంటే పొద్దున చీపురుతో లేపిన సన్న దుమ్ము రాత్రికి కూడా అక్కడే తేలుతుంటుంది.

రెండో వారం నేను చేసిన తెలివితక్కువ పని: దుమ్ము అణగాలని లిట్టర్ మీద, అంటే నేలమీద పరిచిన పొట్టు మీద, నీళ్లు చల్లా. దుమ్ము అణిగింది. మూడో రోజుకి కళ్లు మండాయి! రెట్టలోని యూరిక్ ఆమ్లం తేమ దొరికితే బ్యాక్టీరియా చేతిలో అమ్మోనియాగా మారుతుంది, అది నిజంగానే వాయువు, దుమ్ము మాస్కుకి ఆగదు. తడి ముద్దలన్నీ ఎత్తి పారేసి, పొడి పొట్టు కలిపి తిరగేశా. ఇప్పుడు రోజూ గుప్పెడు లిట్టర్ తీసి చేత్తో నొక్కి చూస్తా: ముద్దలా నిలిచిపోతే తడి ఎక్కువ, అసలు అతుక్కోకుండా చేతికి పొడి మిగిలితే మరీ ఎండింది, కాస్త అతుక్కుని విడిపోతే సరిపోయినట్టు. లిట్టర్‌లో తేమ 20 నుంచి 30 శాతం మధ్య ఉండాలంటారు, నాకు మీటర్ లేదు, గుప్పిటే మీటర్.

తర్వాత దాణా. టార్చి వేసి చూస్తే అన్నిటికన్నా ఎక్కువ దుమ్ము లేచేది దాణా పోసేటప్పుడే. డబ్బా ఎత్తి పోయడం మానేసి తొట్టి అంచుకి ఆనించి వంచుతున్నా, కిలో దాణాకి 10 గ్రాముల నూనె కూడా కలుపుతున్నా. ఏ రోజుది ఆ రోజే కలపాలి, నిల్వ ఉంటే నూనె కనరెక్కుతుంది. పందుల షెడ్లలో నేలమీదే సన్నగా వంటనూనె చిలకరిస్తారు, మన ఈకల గోలలో అంత ధైర్యం చెయ్యలేదు.

చీపురు బదులు తడిగుడ్డ, ముక్కుకి ఎన్95. ఇందులో చెప్పడానికేం లేదు, ముందే చెయ్యాల్సింది.

ఐదో వారం, గాలి బయటికి తోసే ఫ్యాన్‌కి షేడ్ నెట్ కట్టా. సరిగ్గా ఫ్యాన్ మీదే కట్టడంతో గాలి సగానికి పడిపోయి లోపల ఉక్క. దాన్ని విప్పి మీటరున్నర దూరంలో నిలబెట్టా, వారానికి నెట్ బూడిదరంగుకి తిరిగింది. ఆ దుమ్మంతా ఇదివరకు వాసన మోసుకుంటూ నేరుగా పక్కింటివాళ్ల కిటికీల దాకా వెళ్లేదన్నమాట.

కొలతకి నా దగ్గరున్నది ఒక నల్ల ప్లాస్టిక్ పలక, అటక మీద పెట్టి వేలితో గీత గీసి చూడటమే. మొదట్లో ఒక్క రోజుకే గీత కనిపించేది, ఇప్పుడు మూడు రోజులు పడుతోంది. చొక్కా వాసన పూర్తిగా పోలేదు గానీ మొహం దగ్గరికి తెచ్చుకుంటే తప్ప తెలియట్లేదు.

రాత్రి కోళ్లు ఎక్కి కూర్చునే కర్ర కింద మాత్రం అమ్మోనియా ఇంకా లొంగలేదు. అక్కడ ఒక పలక పెట్టి రోజూ పొద్దున్నే రెట్ట గీకెయ్యాలి, వచ్చే వారం పని అదే.