పదిహేను నిమిషాల ఆయిల్ ఛేంజ్ నా తల ప్రాణం తోకకు తెచ్చింది

కారు ఆయిల్ మార్పులో నష్టం చేసిన షాపు వాళ్ల డబ్బులు నిన్న సాయంత్రం నా ఖాతాలో పడ్డాయి. 11,400 రూపాయలు. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నా. నల్గొండలో ఉండేవాళ్లకైనా, హైవే పక్కన ఇలాంటి బోర్డులు చూసి ఆగేవాళ్లకైనా పనికొస్తుంది.

నేను టీచర్‌ని. ఇల్లు నల్గొండలో, బడి కట్టంగూర్ వైపు. రోజూ కారులోనే వెళ్లొస్తా. మా వారి ఉద్యోగం హైదరాబాద్‌లో, శనివారం వస్తారు, సోమవారం పొద్దున్నే పోతారు. కాబట్టి పంక్చర్ నుంచి ఇన్సూరెన్స్ దాకా బండి పనులన్నీ నావే. ఎప్పుడూ చేసే మెకానిక్ భాయ్ ఆ వారం ఊళ్లో లేడు, ఆయిల్ మార్చాల్సిన 10,000 కిలోమీటర్లు దాటిపోతున్నాయి. బడి నుంచి వస్తూ హైదరాబాద్ రోడ్డులో "15 నిమిషాల్లో ఆయిల్ ఛేంజ్" అని పెద్ద బోర్డు పెట్టిన షాపులో ఆగాను. చెప్పినట్టే త్వరగా అయిపోయింది. ఒక పిల్లగాడు కిందికి దూరి గాలి గన్నుతో టర్ర్‌మని బోల్టు ఊడదీశాడు, మళ్లీ అదే గన్నుతో టర్ర్‌మని బిగించాడు. అద్దం మీద తారీఖు, కిలోమీటర్లు రాసిన స్టిక్కర్ అంటించారు. ఫోన్‌పేలో డబ్బులు కట్టి ఇంటికొచ్చా.

మర్నాడు పొద్దున చెర్వుగట్టు దాటి, నార్కట్‌పల్లిలో హైవే ఎక్కి, నకిరేకల్ వైపు కొంత దూరం పోయానో లేదో మీటరులో ఎర్రగా ఆయిల్ దీపం వెలిగింది. వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేశా. ఇది గొప్ప కోసమే చెప్తున్నా అనుకోండి, పర్వాలేదు: ఆ దీపం ఆయిల్ ఎంత ఉందో చెప్పేది కాదు, ఇంజిన్ లోపల ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని చెప్పేది. ఇంజిన్ ఇరుసు, అంటే క్రాంక్, దాని బేరింగులు తిరిగేది సన్నటి ఆయిల్ పొర మీద. ప్రెషర్ లేకపోతే ఆ పొర ఉండదు, ఇనుముకు ఇనుము రాసుకుంటుంది, కాసేపటికే ఇంజిన్ పట్టేస్తుంది. ఇది నాకు తెలుసు కాబట్టే నా ఇంజిన్ బతికింది. బండి వెనకాల రోడ్డు మీద నల్లటి చార చాలా దూరం కనబడుతోంది. అక్కడ ఆగిన ఒకాయన "కట్టంగూరు ఎంత దూరం మేడం, మెల్లగ నడిపించుకుంట పోండి" అన్నాడు. ఆయన మాట విని ఉంటే ఖర్చు లక్షలోకి పోయేది. ఎర్ర దీపం వెలిగిందంటే ఇంకో వంద గజాలు కూడా నడపొద్దు.

నేషనల్ హైవే మీద ఎక్కడ ఆగిపోయినా 1033కి ఫోన్ చేయొచ్చు. చేశా, క్రేన్ వచ్చింది, నార్కట్‌పల్లి దాకా చేర్చారు. అక్కడి నుంచి ప్రైవేటు రికవరీ బండి మాట్లాడుకుని నల్గొండలో భాయ్ షెడ్డుకు తెచ్చా. ఆ రోజుకు భాయ్ తిరిగొచ్చాడు.

భాయ్ చేసిన మంచి పని ఏమిటంటే, ఏదీ విప్పకముందే నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు. "మేడం, మీరు వీడియో తీయండి, ముందు అద్దం మీది స్టిక్కర్, తర్వాత మీటరు, తర్వాత కింద" అన్నాడు. స్టిక్కర్ మీద 61,340, మీటరులో 61,371. అంటే ఆయిల్ మార్చాక బండి నడిచింది 31 కిలోమీటర్లు. తర్వాత ఆయిల్‌ను వడపోసే ఫిల్టర్ విప్పాడు. ఫిల్టర్‌కు ఉండాల్సిన రబ్బరు రింగు ఫిల్టర్‌కు ఉంది. ఇంజిన్ వైపు మూతి మీద ఇంకో రింగు ఉంది, నల్లగా గట్టిపడి, ఒక పక్క బయటికి పొడుచుకొచ్చి. పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయింది, ఆ పిల్లగాడు చూడలేదు, దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించేశాడు. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి ఉంటే బండి నిలబడి ఉన్నప్పుడు ఏమీ తెలియదు, స్పీడు పెరిగి ఆయిల్ ప్రెషర్ పెరగ్గానే పైరింగు జారి పక్కకు తన్నుకొస్తుంది, ఆ సందులోంచి ఆయిలంతా కక్కేస్తుంది. పాత ఫిల్టర్ తీశాక ఆ మూతిని గుడ్డతో తుడిచి ఒకసారి వేలు పెట్టి చూస్తే చాలు. అంతే పని.

ఇంకా ఉంది. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నెను చాంబర్ అంటారు, దాని బోల్టు విప్పితే బోల్టు మరల మధ్యలో వెండి దారం లాంటిది చుట్టుకుని వచ్చింది. భాయ్ దాన్ని గోరుతో లాగి నా అరచేతిలో పెట్టాడు. అది మా చాంబర్ థ్రెడ్డు, అంటే బోల్టు పట్టే మర. చాంబర్ అల్యూమినియం, బోల్టు ఇనుము, గాలి గన్నుతో బిగిస్తే తెగేది అల్యూమినియమే. ఆ బోల్టును చేత్తో తిప్పి, చివర్లో పానాతో లెక్కగా బిగించాలి. కింద వేసే వాషర్ కూడా ప్రతిసారీ కొత్తది వేయాలి, ఒకసారి నలిగితే దాని పని అయిపోయినట్టే. మా బండికి పాతదే ఉంది. ఫిల్టర్‌కైతే అసలు పానాయే అక్కర్లేదు, రింగుకు కాస్త కొత్త ఆయిల్ రాసి, అది తగిలాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పితే సరిపోతుంది.

ఇక అసలు సంగతికి వస్తా.

పాత రింగును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, వీడియో ఉన్న ఫోన్ పట్టుకుని, ఆటోలో ఆ షాపుకు వెళ్లా. మర్యాదగానే మొదలుపెట్టా. "అన్నా, నిన్న మీ దగ్గర ఆయిల్ మార్పించుకున్న బండి, ఇట్లా అయింది" అని చెప్పా. ఓనర్ ఫోన్ లోంచి తల ఎత్తలేదు. "గట్ల కాదు మేడం. మేం రోజుకు ఎన్ని బండ్లు చేస్తమో తెల్సా? ఒక్కరు తిరిగి రాలే." నేను వీడియో చూపించా. చూడలేదు. "ఏడనో స్పీడ్ బ్రేకర్‌కు కొట్టుకున్నరు. లేడీస్ నడుపుతరు కదా, కింద తగిలినా తెల్వదు" అన్నాడు. అక్కడ బండ్ల కోసం కూర్చున్న నలుగురైదుగురు నవ్వారు. కింద తగిలితే చాంబర్ మీద సొట్ట పడాలి, ఫిల్టర్ దగ్గర రెండో రింగు ఎలా పుడుతుందన్నా అని అడిగా. దానికి జవాబు లేదు. "సార్ ఉన్నరా? సార్‌ను పంపండి, సార్‌తోని మాట్లాడ్త. మీకు చెప్తె అర్థం కాదు" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా పిల్లలకు సైన్స్ చెప్తున్నా. ప్రెషర్ అంటే ఏమిటో నాకు అర్థం కాదట. డబ్బులు కట్టింది నేను, బండి నా పేరు మీద ఉంది, నడిపింది నేను, ఆపి ఇంజిన్ కాపాడుకుంది నేను. మాట్లాడటానికి మాత్రం సార్ రావాలి! ఆ మాటే అన్నాను, గొంతు కొంచెం పెరిగింది. అప్పుడు లేచొచ్చి "ఏదీ ఆ రింగు" అని చెయ్యి చాపాడు. ఇచ్చా. అటూ ఇటూ తిప్పి చూసి, పక్కనున్న పాత ఆయిల్ డ్రమ్ములోకి విసిరేశాడు. "ఇగ ఏముంది మీ దగ్గర?" అన్నాడు.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. కూర్చున్నవాళ్లలో ఒక్కరు కూడా ఇదేంటని అడగలేదు. బండి కింద నుంచి ఆ పిల్లగాడు మాత్రం తల బయటికి పెట్టి నా వైపు చూశాడు, మళ్లీ లోపలికి పోయాడు. వాడి మీద నాకు కోపం లేదు, ఇప్పటికీ లేదు. పదిహేడేళ్లు కూడా ఉండవేమో. మోటార్ మెకానిక్ ఐటీఐ రెండేళ్ల చదువు, అది చదివిన పిల్లలు మన జిల్లాలో ఎంతమంది పని లేకుండా ఉన్నారు! వాళ్లకు జీతం ఇవ్వాలి కాబట్టి వాళ్లను పెట్టుకోరు. ఏమీ నేర్పకుండా ఒక పిల్లవాడి చేతికి గాలి గన్ను ఇచ్చి, 15 నిమిషాల్లో బండి దింపకపోతే తిడతారు. తప్పు చేతిది కాదు, గల్లా పెట్టె దగ్గర కూర్చున్నవాడిది.

రింగు పోయినా వీడియో ఉంది, కొత్త ఫిల్టర్ దాని రింగుతో సహా భాయ్ దగ్గరే ఉంది. ఇంటికొచ్చి రాత్రి కూర్చుని అన్నీ ఒక వరుసలో పెట్టుకున్నా. వాళ్లిచ్చింది బిల్లు కాదు, "ఎస్టిమేట్" అని రాసిన చీటీ, జీఎస్టీ నంబర్ లేదు. అయినా ఫోన్‌పేలో కట్టిన రుజువు ఉంది. అన్నిటికంటే గట్టి సాక్ష్యం వాళ్లు అంటించిన స్టిక్కరే. క్యాష్ ఇస్తే యాభై తగ్గిస్తామంటారు ఇలాంటి చోట్ల, ఒప్పుకోకండి.

1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశా. ఫిర్యాదు నంబర్ ఇచ్చారు, మాట మర్యాదగా ఉంది, కానీ పెద్ద కంపెనీలైతే కదులుతాయేమో గానీ రోడ్డు పక్క షాపు దానికి భయపడదు. తర్వాత తెలుగులోనే ఒక నోటీసు రాసి స్పీడ్ పోస్టులో పంపా: ఏ రోజు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏమైంది, ఎంత ఖర్చు, 15 రోజుల్లో ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తా. దానికి ఫోన్ వచ్చింది. "హెలికాయిల్ వేయిస్తే ఐదు వందల పని మేడం, కొత్త చాంబర్ ఎవ్వరు వేయించుకొమ్మన్నరు? పోనీ ఇంకోసారి ఫ్రీగ ఆయిల్ మారుస్తం." హెలికాయిల్ అంటే తెగిన థ్రెడ్డు చోట దూర్చే తీగ చుట్ట. వాళ్ల చేతికి మళ్లీ బండి ఇవ్వడమా!

కమిషన్ అంటే లాయరు, ఫీజులు అని మా స్టాఫ్‌రూంలో అందరూ భయపెట్టారు. 2019 చట్టం ప్రకారం మనం కట్టిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే ఫీజే లేదు. లాయరు తప్పనిసరి కాదు. షాపు ఏ ఊళ్లో ఉన్నా మనం ఉండే చోటే వేయొచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే వేశా. అఫిడవిట్‌కు నోటరీ, స్కానింగ్‌కు జిరాక్స్ షాపు, అంతవరకే తిరుగుడు. భాయ్ తన లెటర్‌ప్యాడ్ మీద ఏం చూశాడో రాసి సంతకం పెట్టిచ్చాడు. సాటి షాపువాళ్లతో గొడవ ఎందుకని చాలామంది మెకానిక్‌లు ఇవ్వరు. ఆయన "నేను చూసింది నేను రాస్తున్న, దాంట్ల భయమేముంది" అన్నాడు. బండి పనికి ఇకమీదట ఎవరు చెప్పినా నేను వేరే చోటుకు పోను.

కమిషన్ నుంచి షాపుకు నోటీసు వెళ్లాక గొంతు మారిపోయింది. ఈసారి ఓనరే ఫోన్ చేశాడు. అమ్మా అన్నాడు. సార్ ఎక్కడని అడగలేదు. సగం ఇస్తానన్నాడు, కుదరదన్నా. చాంబర్, ఆయిల్, ఫిల్టర్, రికవరీ బండి, లేబర్, అన్ని బిల్లులూ వాట్సాప్‌లో పెట్టా. ఇంటికి ఒక మనిషితో కాగితం పంపాడు, సంతకం పెడితే డబ్బు వేస్తానని. చదివితే "మా షాపు వల్ల ఎలాంటి నష్టం జరగలేదు, మానవత్వంతో సాయం చేస్తున్నాము" అని ఉంది. ఆ మనిషి ముందే ఆ వాక్యం కొట్టేసి, "ఆయిల్ మార్పులో జరిగిన పొరపాటు వల్ల అయిన ఖర్చు" అని రాసి, ఓనర్ సంతకం పెట్టించుకుని రమ్మని వెనక్కి పంపించా. ఆ మనిషి గుమ్మంలో నిలబడే ఓనర్‌తో చాలాసేపు ఫోన్లో మాట్లాడాడు. చీకటి పడే వేళకు సంతకంతో మళ్లీ వచ్చాడు, అప్పుడు నేనూ పెట్టా, కాసేపటికి డబ్బు పడింది. వాయిదా రోజున కమిషన్‌కు వెళ్లి రాజీ అయిందని మెమో ఇవ్వాలి, ఆ కాగితం నకలు దాంతోపాటు జత చేస్తున్నా.