ఆదివారపు మాత్ర

2019 శ్రావణంలో ఒక ఉదయం నల్లబల్ల మీద గుండె బొమ్మ గీస్తుండగా సుద్దముక్క నా వేళ్ల మధ్య నుంచి జారి పడింది. వంగి తీయబోతే పట్టు దొరకలేదు. ముందు బెంచీలోని అమ్మాయి తీసి చేతికిచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్న నేను, వయసు వల్ల అనీ ఇంటిపని వల్ల అనీ సరిపెట్టుకుని, మరో నాలుగు నెలలు వృథా చేశాను. పొద్దున్న లేవగానే వేళ్లు గంటన్నర సేపు బిగుసుకుపోయి ఉండేవి. వేడినీళ్లలో చేతులు ముంచితే తప్ప జడ వేసుకోవడం గానీ పాలప్యాకెట్ కత్తిరించడం గానీ సాధ్యమయ్యేది కాదు. మణికట్లు వాచిపోవడంతో గాజులను సబ్బునీళ్లు రాసి తీయవలసి వచ్చింది.

రక్తపరీక్షల్లో రుమటాయిడ్ కీళ్లవాతమని తేలింది. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల పొరల మీద దాడిచేసే జబ్బు ఇది. డాక్టరు గారు మెథోట్రెక్సేట్ అనే పసుపుపచ్చ మాత్ర రాసి, వారానికి ఒక్కరోజే వేసుకోవాలని చెప్పి, ‘ఆదివారం’ అన్న మాట కింద రెండు గీతలు గీశారు. అయినా మందుల షాపులో కవరు మీద ‘రోజూ రాత్రి ఒకటి’ అని రాసిచ్చారు. చీటీతో పోల్చి చూసి పట్టుకున్నది మా అమ్మాయి. రోజూ వేసుకుని ఉంటే ఎముకమజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చేదని తరువాత తెలిసి ఒళ్లు జలదరించింది.

దానికి తోడు బుధవారం వేసుకోమని ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇచ్చారు. ఆ జోడీని చూడగానే నాలోని పంతులమ్మ మేలుకుంది. కణం విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. మెథోట్రెక్సేట్ దాని పోలికతోనే లోపలికి చేరి దాని పనికి అడ్డుపడుతుంది. ఈ రెండింటి వెనుకా 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కృషి ఉంది. తిన్నది ఒంటబట్టనివ్వని పేగుల జబ్బు స్ప్రూకు ఇద్దరు సోదరులను పోగొట్టుకున్న ఆయన, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1945 నాటికి ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దానికి విరోధి అయిన అమినోప్టెరిన్ కూడా అక్కడిదే. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు దాన్ని రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు వాడి 1948లో ఫలితాలు ప్రకటించారు. సుబ్బారావు గారు మరణించిందీ ఆ ఏడాదే. మెథోట్రెక్సేట్ అమినోప్టెరిన్‌కు తోబుట్టువు వంటిది. కీళ్లవాతానికి దాన్ని వాడటానికి అమెరికాలో అధికారికంగా అనుమతి దొరికేసరికి 1988 వచ్చింది. ఏటా క్విజ్ పోటీలో పిల్లల చేత జవాబుగా చెప్పించిన సుబ్బారావు గారి పేరు, చివరికి నా మాత్రల డబ్బాలో రెండు అరల్లో కూర్చుంది.

గుణం వెంటనే కనబడలేదు. మొదటి నెలంతా ఆదివారం రాత్రి వికారం, సోమవారం అన్నం చూస్తేనే వెగటు. రెండో నెల చివర ఒకరోజు, వేడినీళ్లు పెట్టుకోకుండానే ఆ పొద్దున్న పాలప్యాకెట్ కత్తిరించేశానన్న సంగతి మధ్యాహ్నం క్లాసులో ఉండగా గుర్తొచ్చింది.

జబ్బు పోలేదు, అణిగి ఉంది. మూడు నెలలకోసారి రక్తకణాలకూ కాలేయానికీ పరీక్షలు తప్పవు. నేను వృథా చేసిన నాలుగు నెలల్లో వంగిన కుడిచేతి ఉంగరపు వేలు ఏ మందుకూ నిటారు కాలేదు. ఉంగరాన్ని ఎడమచేతికి మార్చుకున్నాను. గుండె బొమ్మ మళ్లీ నేనే గీస్తున్నాను. ఎడమ జఠరిక దగ్గర గీత కొంచెం వంకరగా వస్తుంది, పిల్లలు ఆ వంకరతో సహా నోట్సులో దించుకుంటున్నారు.