గెయిన్ అంటే వాల్యూమ్ కాదని తెలియడానికి మూడు ఆదివారాలు

విజయవాడలో కారెక్కి గుంటూరు వైపు బయల్దేరితే, కనకదుర్గ వారధి దాటేసరికి నాకు తలనొప్పి మొదలయ్యేది. ట్రాఫిక్ వల్ల కాదు, స్పీకర్లలోంచి వచ్చే కూత వల్ల. యాక్సిలరేటర్ తొక్కితే సన్నగా పైకి లేచేది, కాలు తీస్తే దిగేది. పాట ఆపినా అది ఆగేది కాదు. వెనక సీట్లో కూర్చున్న మా నాన్న ఒకసారి "ఎక్కడైనా కుక్కర్ పెట్టావేంట్రా?" అని కూడా అడిగారు.

అప్పటికి యాంప్లిఫయర్ పెట్టించి నెల. కంపెనీ ఇచ్చిన స్టీరియో మార్చడం నాకిష్టం లేదు. రివర్స్ కెమెరా, స్టీరింగ్ మీది బటన్లు అన్నీ దానికే కలిసి ఉన్నాయి. అందుకని దాన్ని అలాగే ఉంచి, నాలుగు చానెళ్ల యాంప్, ముందు డోర్లకు ఆరున్నర అంగుళాల స్పీకర్లు, బాస్ కోసం డిక్కీలో మూసిన పెట్టెలో పది అంగుళాల సబ్‌వూఫర్ పెట్టించాను. ముందు రెండు చానెళ్లు డోర్లకు, వెనక రెండూ బ్రిడ్జ్ చేసి, అంటే ఒకటిగా కలిపి, ఊఫర్‌కి. వినడానికి బాగానే ఉంది కదా. పాట పెడితే మాత్రం పాడేవాడు డిక్కీలో కూర్చుని, నోటికి తలగడ అడ్డం పెట్టుకుని పాడుతున్నట్టుండేది.

షాపుకి రెండుసార్లు తిరిగాను. మొదటిసారి "కొత్త స్పీకర్లు కదా సార్, వాడగా వాడగా సెట్టవుతాయి" అన్నాడు. రెండోసారి సన్న స్క్రూడ్రైవర్ తీసి యాంప్ మీది గెయిన్ స్క్రూ ఇంకాస్త తిప్పి, "ఇప్పుడు చూడండి సార్, కుమ్మేస్తుంది" అన్నాడు. కుమ్మింది. కూత కూడా కుమ్మింది.

మా బావమరిది ఎలక్ట్రీషియన్. ఇళ్లకు వైరింగ్ చేస్తాడు, కార్ల జోలికి ఎప్పుడూ పోలేదు. అదే మంచిదైంది. కార్లలో "ఇలాగే చేస్తారు" అనే మాట వాడికి తెలియదు. ఆదివారం పొద్దున మల్టీమీటర్ పట్టుకుని వచ్చి, "ముందు బ్యాటరీ మైనస్ పీకు బావా, తర్వాత మాట్లాడదాం" అన్నాడు.

బానెట్ ఎత్తగానే అడిగిన మొదటి ప్రశ్న, ఫ్యూజు ఏది అని. బ్యాటరీ ప్లస్ నుంచి ఎర్ర వైరు బయల్దేరి, డాష్‌బోర్డు వెనక రేకు చిల్లులోంచి లోపలికి దూరి, కార్పెట్ కిందుగా డిక్కీ దాకా పోయింది. ఫ్యూజు డిక్కీలో, యాంప్ పక్కన ఉంది. వాడు తల పట్టుకున్నాడు. ఈ ఫ్యూజు యాంప్ కోసం కాదు, వైరు కోసం. యాంప్‌కి దాని ఫ్యూజులు దానికే ఉంటాయి. దారిలో రేకు అంచుకి వైరు ఒరుసుకుని తొడుగు తెగి బాడీకి తగిలితే, బ్యాటరీలో ఉన్న కరెంటంతా ఆ వైరులోంచే పోతుంది, దాన్ని ఆపేవాడుండడు. నిప్పంటుకోవడానికి అది చాలు. బ్యాటరీ నుంచి మూరెడు దూరం లోపలే ఫ్యూజు ఉండాలి. 40 యాంపుల ఫ్యూజుని అక్కడికి మార్చాం, రేకు చిల్లులో రబ్బరు బుష్ పెట్టాం. పాట బాగుపడక ముందు కారు మిగిలిందనుకున్నాను.

తర్వాత ఎర్త్. యాంప్ నల్ల వైరు వెనక సీటు బోల్టు కింద ఇరికించి ఉంది, అదీ పెయింట్ మీదే. పెయింట్‌లోంచి కరెంటు ఎలా పోతుందని వాడు నవ్వాడు. బోల్టు మరల వెంట ఎంత పోతుందో అంతే. డిక్కీ నేల మీద వేరే చోటు చూసుకుని, ఎమరీ పేపర్‌తో రేకు తెల్లగా మెరిసేదాకా రుద్దాను. అరచేతిలో నాణెమంత జాగా రుద్దడానికి పది నిమిషాలు పట్టింది. కారుకి ఇన్ని పొరల పెయింట్ వేస్తారని ఆ రోజే తెలిసింది. వైరు పొట్టిగా కోసి, రింగు లగ్గు కొట్టి బిగించి, తుప్పు పట్టకుండా పైన కాస్త వాజలీన్ పూశాం. ఇంజన్ స్టార్ట్ చేస్తే కూత సగానికి సగం తగ్గింది. పూర్తిగా పోలేదు.

మిగతా సగం సంగతి బీరువా మీద దొరికింది. యాంప్ అట్టపెట్టె అక్కడే పడేసి ఉంది. మాన్యువల్ కోసమని దింపితే, అందులో కవరు కూడా చించని ఒక ప్లగ్గు కనిపించింది. తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా వైర్లు, ఒక్కోదానికి నల్ల చార ఉన్న జోడీ. హై లెవెల్ ఇన్‌పుట్ ప్లగ్గు అది. మా స్టీరియోకి ఆర్‌సీఏ అవుట్‌పుట్, అంటే యాంప్‌కి బలహీనమైన సిగ్నల్ ఇచ్చే గుండ్రటి పిన్ను సాకెట్, లేదు. అందుకని షాపువాడు స్పీకర్ వైర్ల నుంచి సిగ్నల్ తీసి, అగ్గిపెట్టంత కన్వర్టర్‌లో తగ్గించి, ఆర్‌సీఏ కేబుళ్లతో యాంప్‌కి ఇచ్చాడు. ఆ కేబుళ్లను ఎర్ర వైరుతో కలిపి టేపు చుట్టి మరీ ఒకే దారిన లాగాడు. బ్యాటరీ వైరులో ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించేది) చేసే గోలంతా పక్కనున్న ఆ బలహీనమైన సిగ్నల్ మీద పడుతోంది. మా యాంపేమో స్పీకర్ వైర్లను నేరుగా తీసుకోగలదు. ఆ సిగ్నల్ వోల్టేజీ ఎక్కువ, గోలకు అంత తేలిగ్గా లొంగదు.

కన్వర్టర్ పీకి ప్లగ్గు పెట్టాం. ఇక్కడొక జాగ్రత్త. ఇలాంటి స్టీరియోల్లో స్పీకర్ వైరు మైనస్ అంటే ఎర్త్ కాదు. ప్లస్ మీదా మైనస్ మీదా కూడా దాదాపు 6 వోల్టుల డీసీ ఉంటుంది. నల్ల చార చూసి బాడీకి కలిపేస్తే స్టీరియోలోని ఐసీ కాలిపోవచ్చు. ఆ 6 వోల్టులు చూసే మా యాంప్ తనంతట తాను ఆన్ అవుతుంది కాబట్టి, యాంప్‌ని ఆన్ చేయడానికి షాపువాడు ఫ్యూజు బాక్సు దాకా లాగిన నీలం రిమోట్ వైరు కూడా తీసేశాం. సన్న స్పీకర్ వైర్లు కారుకి ఎడమ పక్కన, ఎర్ర వైరు కుడి పక్కన వేశాం. ఇంజన్ స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కాను. నిశ్శబ్దం.

ఊఫర్ కూడా నిశ్శబ్దం! గుండె జారింది. వైర్లు, ఫ్యూజులు, ఊఫర్ కాయిల్ అన్నీ మీటరుతో చూశాం. గంట తర్వాత, యాంప్ అంచున గోరుతో తప్ప కదలనంత చిన్న స్విచ్ ఒకటి కనిపించింది. ఒక పక్క 2, ఇంకో పక్క 4 అని ఉంది. మేమిచ్చింది ముందు స్పీకర్ల సిగ్నల్ ఒక్కటే. స్విచ్ 4 దగ్గరుంటే వెనక చానెళ్లు తమ సొంత ఇన్‌పుట్ కోసం ఎదురుచూస్తాయి. 2కి జరిపితే ముందు ఇన్‌పుట్‌నే వెనక్కీ పంచుతుంది. జరపగానే ఊఫర్ ధడ్ మంది. మా వాడు కార్పెట్ మీద చతికిలబడిపోయాడు. మొదటి ఆదివారం అలా అయిపోయింది.

రెండో ఆదివారం నేనొక్కణ్ణే కూర్చున్నాను, ఏ స్పీకర్‌కి ఏ స్వరాలు వెళ్లాలో విడగొట్టే ఫిల్టర్ల కోసం. పరిస్థితి ఏంటంటే, ముందు చానెళ్ల స్విచ్ ఫుల్ మీద, అంటే ఏ కోతా లేకుండా ఉంది. అంటే డోర్ స్పీకర్లు ఊఫర్ చేయాల్సిన పని కూడా నెత్తినేసుకుని గిలగిల్లాడుతున్నాయి. వెనక చానెళ్లు లో పాస్‌లోనే (కింది స్వరాలను మాత్రమే పోనిచ్చేది) ఉన్నా, ఎక్కడ కోయాలో చెప్పే స్క్రూ 200 హెర్ట్జ్ పైన ఎక్కడో ఉంది. మగ గొంతులోని కింది స్వరాలు 200 లోపే ఉంటాయి కనుక అవి డిక్కీలోంచి వస్తున్నాయి. పైగా బాస్ బూస్ట్ చివరికంటా తిప్పేసి ఉంది, 12 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్‌కి పవర్ రెట్టింపు కావాలి. అంటే ఆ బూస్ట్ పనిచేసే 45 హెర్ట్జ్ దగ్గర మామూలు కంటే 16 రెట్లు అడుగుతున్నట్టు. యాంప్ ఎక్కడి నుంచి తెస్తుంది? సున్నాకి తిప్పేశాను. ఇంతవరకు దాన్ని మళ్లీ ముట్టుకోలేదు.

ముందు చానెళ్లను హై పాస్‌కి (పై స్వరాలను మాత్రమే పోనిచ్చేది) మార్చి, స్క్రూ 80 అనుకున్న చోట పెట్టి పాట వేస్తే, పాట మొత్తం పాత ల్యాండ్‌లైన్ ఫోన్లో విన్నట్టు వచ్చింది. మృదంగం తొప్పి లేదు, వలంతల లేదు, గిన్నె మీద స్పూనుతో కొట్టినట్టుంది. స్పీకర్లు కాల్చేశానేమోనని టెన్షన్. ఈసారి తప్పు షాపువాడిది కాదు. స్విచ్ జరిపేటప్పుడు దాని పక్కనున్న ఇంకో బుల్లి బటన్ నా వేలికి తగిలి నొక్కుకుపోయింది. 1కీ 10కీ మధ్య మార్చే గుణకం బటన్. నేను పెట్టిన 80, 800 అయి కూర్చుంది. ఒక జత చానెళ్లకు మధ్య స్వరాల మిడ్, ఇంకో జతకి సన్న శబ్దాల ట్వీటర్ అంటూ విడగొట్టుకునేవాళ్ల కోసం పెట్టిన బటన్ అది. నాకు దాంతో పనే లేదు, పోయింది మాత్రం నా ఆదివారం.

అన్నట్టు, స్టీరియో మెనూలో కూడా ఫిల్టర్లుంటే ఏదో ఒకచోటే వాడండి. రెండు చోట్లా 80 పెడితే కోత రెండింతలవుతుంది.

మూడో ఆదివారం అసలు పని, గెయిన్. బావమరిది మళ్లీ వచ్చాడు. నేను అప్పటిదాకా గెయిన్ అంటే ఇంకో వాల్యూమ్ అనుకునేవాణ్ణి. కాదు. స్టీరియో ఇచ్చే గరిష్ఠ వోల్టేజీకి, యాంప్ ఇవ్వగలిగే గరిష్ఠ పవర్‌కీ లంకె కుదిర్చే స్క్రూ అది. ఎక్కువ తిప్పితే శుభ్రమైన పవర్ పెరగదు, అలల తలలు తెగుతాయి. ఆ తెగిన అలలే ట్వీటర్లను కాల్చేది.

లెక్క చిన్నదే. చానెల్‌కి 50 వాట్లు, స్పీకర్ 4 ఓములు. రెండూ హెచ్చవేస్తే 200, దాని వర్గమూలం 14.1. యాంప్ అవుట్‌పుట్ దగ్గర ఏసీ వోల్టేజీ 14.1 దాటకూడదు. ఊఫర్‌కి బ్రిడ్జ్‌లో 150 వాట్లు, 4 ఓములు, అంటే 24.5 వోల్టులు. స్పీకర్ వైర్లన్నీ యాంప్ నుంచి పీకేశాం, ఫిల్టర్లు ఆపేశాం, స్టీరియోలో బాస్, ట్రెబుల్ సున్నా. ఇంజన్ ఆన్‌లోనే ఉంచాం, అప్పుడే బ్యాటరీ 14 వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది. వాల్యూమ్ 40లో 30 దగ్గర పెట్టాం, ఇక మీదట అదే గరిష్ఠమని మాట అనుకుని. పెన్‌డ్రైవ్‌లో 1000 హెర్ట్జ్ టోన్ తెచ్చాను. వాడు ఒప్పుకోలేదు. "ఈ మీటరు ఇంట్లో కరెంటు కోసం చేసింది బావా, 50 హెర్ట్జ్‌కి కరెక్టు, వెయ్యికి నమ్మలేం" అన్నాడు. ముందు చానెళ్లకు 400, ఊఫర్‌కి 50 టోన్ వేశాం.

షాపువాడు వదిలిన చోట ముందు చానెల్ మీటరు 18 దాటింది. 18ని 18తో హెచ్చవేసి 4తో భాగించండి, 81 వాట్లు. 50 వాట్ల చానెల్ అది. స్క్రూడ్రైవర్‌ని వెంట్రుకవాసి చొప్పున వెనక్కి తిప్పుకుంటూ వచ్చాను. 16, 15.2, 14.6. మా వాడు "ఇంకొంచెం, ఇంకొంచెం, అబ్బా, దాటేశావు" అంటుంటే ముందుకీ వెనక్కీ తిప్పి 14 దగ్గర ఆపాం. ఊఫర్‌ని 24.5కి పెట్టి విని, భరించలేక 20కి దించాం. అంటే వంద వాట్లు. మూసిన కారులో అది చాలు.

ఫిల్టర్ స్క్రూ చుట్టూ 50, 100, 250 అనే అంకెలే ఉన్నాయి. మధ్యలో 80 ఎక్కడో ఎవరికి తెలుసు? దానికీ మీటరే. 80 హెర్ట్జ్ టోన్ వేసి, ఫిల్టర్ ఆపి, మీటరు 10 వోల్టులు చూపించేలా వాల్యూమ్ పెట్టుకోవాలి. ఇప్పుడు ఫిల్టర్ ఆన్ చేసి 7.1కి పడేదాకా స్క్రూ తిప్పితే, అదే 80. నేను కంటితో పెట్టింది చూస్తే 110 దగ్గరుంది. డోర్లకీ ఊఫర్‌కీ 80 పెట్టి వింటే డప్పు పాటల్లో ఇంకా కాస్త బొయ్ మంటోంది. చివరికి డోర్లకు 90, ఊఫర్‌కి 70 దగ్గర స్థిరపడ్డాం.

ఊఫర్ ప్లస్ మైనస్ వైర్లు తిరగేసి కూడా చూశాం. వాడు డ్రైవర్ సీట్లో, నేను డిక్కీలో. ఒక పద్ధతిలో బాస్ వెనక మోగుతుంది, ఇంకో పద్ధతిలో డాష్‌బోర్డు దగ్గరకొచ్చి కూర్చుంటుంది. మూడుసార్లు మార్చాక "ఇదే బావా, ఇంక కదపకు" అని కేకేశాడు. మాన్యువల్ ప్రకారం చూస్తే తిరగేసిన వైర్లే అవి. అలాగే వదిలేశాం.

స్క్రూలు ఎక్కడున్నాయో గుర్తుగా, మా ఆవిడ నెయిల్ పాలిష్‌తో ఒక్కోదాని మీద ఎర్ర చుక్క పెట్టాను. సర్వీసుకి ఇచ్చినప్పుడు ఎవరైనా తిప్పితే చుక్క తప్పుతుంది, తెలిసిపోతుంది. సీసా ఇంకా డిక్కీలోనే ఉంది. ఆవిడ ఇంట్లో వెతుకుతోంది.