నరం నొప్పి మాత్ర, ఊడిపోయిన చర్మం

ముఖానికి ఒకవైపు జివ్వుమని లాగే ట్రైజెమినల్ న్యూరాల్జియా నొప్పికి డాక్టర్లు మొదట రాసే మందు కార్బమజెపైన్. నాకూ అదే రాశారు: 100 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. నొప్పి బాగా తగ్గింది. మూడో వారంలో జ్వరం, గొంతు నొప్పి, కళ్ల మంట మొదలయ్యాయి. నోట్లో పూత చూసి ఇంట్లో "వేడి చేసింది, మజ్జిగ తాగు" అన్నారు. ఛాతీ మీద పొక్కులు లేచాక "అమ్మవారేమో" అన్నారు. నిజానికి అది మందు వికటించి చర్మం ఊడిపోయే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్. మన ఇళ్లలో ఈ జబ్బు కేసులు చాలా ఆలస్యమయ్యేది ఈ రెండు మాటల దగ్గరే. అమ్మవారి పొక్కులు దురద పెడతాయి. మందు వికటించి వచ్చినవి దురద కంటే నొప్పి పెడతాయి. నోరు, కళ్లు, మూత్రద్వారం, వీటిలో సాధారణంగా రెండు చోట్లయినా పుండ్లు పడతాయి.

ఇంకో చిక్కు ఒంటి రంగు. తెల్లవాళ్ల చర్మం మీద ఎర్రగా కనిపించే మచ్చ మన చామనఛాయ మీద ఊదాగానో నల్లగానో కనిపిస్తుంది, ఒక్కోసారి తెలియనే తెలియదు. అందుకే రంగు కన్నా నొప్పిని నమ్మాలి. చర్మవ్యాధుల డాక్టర్ నా భుజం కింద వేలితో పక్కకు ఒత్తి చూశారు. పాల మీద మీగడలా పై పొర జరిగిపోయింది. తర్వాత విస్తీర్ణం లెక్కేశారు. రోగి అరచెయ్యి, వేళ్లతో కలిపి, ఒంట్లో సుమారు 1 శాతం. ఊడిన చర్మం 10 శాతం లోపైతే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్, 30 శాతం దాటితే టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్, మధ్యలోది రెండూ కలిసిన స్థితి. మొదటి దానిలో పదిమందిలో ఒకరు, రెండో దానిలో సుమారు మూడో వంతు మంది చనిపోతారు.

వైద్యంలో అన్నిటికన్నా ముందు చేయాల్సింది మందు ఆపడం, అదీ ఆ రోజే. ఊడుతున్న చర్మాన్ని లాగరు, పచ్చి చోట అంటుకునే టేపు వేయరు. పారాఫిన్ పూసిన పలుచని గాజ్ గుడ్డ, వాజలైన్ వేస్తారు. గది వెచ్చగా ఉంచుతారు. సెలైన్, మూత్రం లెక్క ప్రతి పూటా రాస్తారు. స్టీరాయిడ్లు ఇవ్వాలా వద్దా అన్న దాని మీద డాక్టర్లలో ఏకాభిప్రాయం లేదు. రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్ అనే మందు వైపు ఇప్పుడు మొగ్గు పెరిగింది. నా మటుకు నేను గట్టిగా చెప్పేది కళ్ల గురించే. మొదటి రోజే కంటి డాక్టర్ చూడాలి, లేకపోతే రెప్ప లోపలి పొర కనుగుడ్డుకు అతుక్కుపోతుంది. చర్మం కొన్ని వారాల్లో మళ్లీ వస్తుంది, మచ్చలు తగ్గడానికి నెలలు పడుతుంది, గోళ్లు ఊడి కొత్తవి మొలుస్తాయి. కళ్లు పొడిబారడం మాత్రం మిగిలిపోవచ్చు. నాకు మిగిలింది, డ్రాప్స్ ఇంకా వేసుకుంటున్నాను.

లక్షల మందికి పడిన మాత్ర నాకెందుకు పడలేదు? హెచ్‌ఎల్‌ఏ-బి*15:02 అనే జన్యురకం వల్ల. 2004లో తైవాన్ పరిశోధకులు దీన్ని పట్టుకున్నారు. హాన్ చైనీయులు, థాయ్, మలయ్ ప్రజల్లో ఇది ఎక్కువ. యూరోపియన్లలో దాదాపు లేదు. వాళ్లలోనూ జపనీయుల్లోనూ ఈ మందు చర్మానికి పడకపోతే ఎక్కువగా కనిపించేది హెచ్‌ఎల్‌ఏ-ఎ*31:01. భారతీయుల్లో బి*15:02 సగటున 2 నుంచి 4 శాతం అని అమెరికా ఔషధ లేబులు చెబుతుంది, కొన్ని సమూహాల్లో ఇంకా ఎక్కువ. తైవాన్‌లో 4,877 మందికి మందుకు ముందే పరీక్ష చేసి, ఈ జన్యురకం ఉన్నవాళ్లకు వేరే మందు ఇచ్చారు. ఎవరికీ ఈ జబ్బు రాలేదు. సింగపూర్, థాయ్‌లాండ్‌లో ఇప్పుడు ముందే పరీక్షిస్తారు. ఇక్కడ డాక్టర్ రాస్తేనే. ఒక్కసారి చేయించే రక్తపరీక్ష, ఐసీయూ బిల్లు ముందు ఎంత? అయితే నెగటివ్ వస్తే ముప్పు లేనట్టు కాదు, ఈ ఒక్క రకం లేనట్టే. నెలల తరబడి మందు వాడుతూ బాగున్నవాళ్లకు ఈ పరీక్షతో పనిలేదు. ఈ జబ్బు వచ్చేది ఎక్కువగా మొదటి రెండు నెలల్లోనే.

మిగతా మందులకూ ముప్పు ఎక్కువగా ఉండే గుంపులున్నాయి. యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్‌కు హెచ్‌ఎల్‌ఏ-బి*58:01. కిడ్నీ జబ్బు తోడైతే ముప్పు పెరుగుతుంది, అందుకే 100 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా తక్కువతో మొదలుపెట్టాలి. కుష్ఠుకు వాడే డాప్సోన్‌కు బి*13:01. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ మామూలువాళ్ల కన్నా చాలా ఎక్కువగా వికటిస్తుంది. మూర్ఛ మందు లామోట్రిజిన్‌లో చిక్కు మోతాదు పెంచే వేగం: వాల్‌ప్రొయేట్ అనే మరో మూర్ఛ మందు కూడా వాడుతుంటే పెద్దవాళ్లకు మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు 25 మిల్లీగ్రాములే.

నాకిక మూర్ఛ మందులైన ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్, ఆక్స్‌కార్బజెపైన్ కూడా నిషిద్ధం. వాటి రసాయన నిర్మాణానికి కార్బమజెపైన్‌తో దగ్గరి పోలిక. పర్సులో కార్డు మీద బ్రాండు పేరు కాకుండా అసలు మందు పేరు రాసుకున్నాను, ఒకే మందు పది పేర్లతో దొరుకుతుంది. తోబుట్టువులకు, పిల్లలకూ ఈ జన్యువు ఉండొచ్చు, వాళ్లకూ చెప్పాలి. దుష్ప్రభావాన్ని గాజియాబాద్‌లోని జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కేంద్రానికి రోగే తెలపవచ్చు, ఉచిత నంబరు 1800-180-3024. ఫోను చేసే ముందు మాత్రల పట్టీ మీది బ్యాచ్ నంబరు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, అదే సమయంలో వాడిన మిగతా మందుల పేర్లు దగ్గర పెట్టుకోండి.