చెట్లకు కొట్టిన మేకులు పీకే పని ఎంతవరకు వచ్చింది

కొత్త మొక్కలు నాటేవాళ్ళు మా నల్లగొండలో చాలామందే ఉన్నారు గానీ, ఇరవై ముప్పై ఏళ్ళ నుంచి నీడనిస్తున్న చెట్టు వైపు తలెత్తి చూసేవాళ్ళు తక్కువ. నేను పట్టుకున్న పని అదే. ఆదివారం పొద్దున ఎండ ముదరకముందే దేవరకొండ రోడ్డు మీదనో, పానగల్లు వైపో పోయి చెట్లకు కొట్టిన మేకులు, స్టాప్లర్ పిన్నులు, బిగించిన జీఐ తీగలు తీసేస్తున్నా. వేసవిలో మొదలుపెట్టిన పని, ఇప్పుడు వానాకాలం అయిపోవచ్చింది. ఎక్కువగా వేప, కానుగ, అక్కడక్కడ చింత, రావి.

సామాను పెద్దగా ఏం లేదు. మేకులు పీకే సుత్తి, కటింగ్ ప్లేయర్, పాత స్క్రూడ్రైవర్, తోలు గ్లౌజులు, అరచేయంత చెక్కముక్క, పీకినవి వేసుకోవడానికి మూత ఉన్న డబ్బా. తుప్పు మేకులతో పని కాబట్టి టీటీ ఇంజెక్షన్ ముందే వేయించుకోండి. మా డబ్బా ఇప్పటికే ఒకసారి నిండింది, పాత ఇనుప సామాన్ల దుకాణంలో వేసి వచ్చిన.

పీకడంలో ఒక పద్ధతి ఉంది. మేకు తలను ప్లేయర్‌తో పట్టి ముందు కొంచెం అటూ ఇటూ తిప్పాలి, తుప్పు వదిలి కిర్రుమన్న చప్పుడు వస్తుంది, అప్పుడే సుత్తి వెయ్యాలి. సుత్తి కింద చెక్కముక్క పెట్టకపోతే బరువంతా బెరడు మీద పడి అక్కడ నలిగిపోతుంది, మేకు చేసిన గాయం కంటే మనం చేసిన గాయమే పెద్దదవుతుంది. పక్కకు వంచి లాగొద్దు, కొట్టిన దారినే నేరుగా బయటికి రావాలి. మేకు తల బెరడు లోపలికి పూర్తిగా పోయి ఉంటే దాన్ని అట్లనే వదిలేస్తున్నా, తవ్వి తీస్తే లాభం కంటే నష్టమే ఎక్కువ. చెట్టు తన గాయం చుట్టూ లోపల గోడ కట్టుకుంటుంది, ఆ గోడను మనం మళ్ళీ పగలగొట్టినట్టవుతుంది.

మేకుల కంటే తీగలే ప్రమాదం. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేర్లకు దిగుతుంది. మాను ఏటేటా లావవుతుంటే తీగ మాత్రం సాగదు కదా, అది చుట్టూ కోసుకుంటూ పోయి ఆ దారి మూసేస్తుంది, తీగకు పైన బెరడు ఉబ్బుతుంది, కింద వేర్లకు తిండి అందదు. పానగల్లు రోడ్డులో ఒక కానుగకు ఫ్లెక్సీ కట్టిన తీగ వేలు మందం లోపలికి దిగి ఉంది. అట్లాంటప్పుడు లాగకుండా, బయటికి కనిపించే చోటల్లా రెండు మూడు ముక్కలుగా కత్తిరించి, వదులుగా వచ్చినవే తీసి, మిగతావి లోపలే వదిలేయాలి. బిగువు తెగితే చాలు. కరెంటు తీగలు, సీరియల్ బల్బుల వైర్లు ఉన్న చెట్టు జోలికి మాత్రం నేను పోను.

ఏ చెట్టు దగ్గరైనా ముందు పక్క దుకాణం వాళ్ళను అడిగే ముట్టుకుంటా. టీ కొట్టాయన ఒకాయన "అన్నా, ఇది తీస్తే బోర్డు యాడ పెట్టాలె?" అన్నడు. పాత సైకిల్ ట్యూబు కోసి మానుకు వదులుగా చుట్టి, దానికి బోర్డు వేలాడదీసి చూపించిన. ఏడాదికొకసారి వదులు చేసుకుంటే సరిపోతుంది. ఇప్పుడు ఆయనే పక్క వేపకున్న పిన్నులు పీకి పెడుతున్నడు.

పీకిన రంధ్రాలకు ఏం పూయాలని చాలామంది అడుగుతున్నారు. ఏమీ వద్దు. తారు, సిమెంటు అసలే వద్దు, లోపల తేమ నిలిచి కుళ్ళుతుంది. కొమ్మ విరిగి పెద్ద పుండు పడితే మాత్రం మా కాక బత్తాయి తోటలో బంక తెగులుకు వాడే బోర్డో పేస్టు పెడుతున్నా. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు, రెండూ వేరువేరుగా ప్లాస్టిక్ బకెట్లలో కలిపి తర్వాత ఒకటి చెయ్యాలి, ఇనుప పాత్ర పనికిరాదు. మనకు కావాల్సింది కొంచెమే కాబట్టి అదే లెక్కన తగ్గించుకోవచ్చు. పాత తొర్రలు కూడా మూయొద్దు, పాలపిట్టలు, చిలుకలు, పైడికంటెలు వాటిలోనే గుడ్లు పెడతాయి. మన రాష్ట్ర పక్షికి ఇల్లు దొరికేది అట్లాంటి ముసలి చెట్లలోనే.

మాను మీద చెదల మట్టి దారులు కనిపిస్తే గోనెసంచి ముక్కతో రుద్ది రాల్చేస్తున్నా, మళ్ళీ వస్తే మళ్ళీ రాలుస్తా. అవి సాధారణంగా తినేది ఎండిన పై బెరడే, అయినా వదిలేయడం మంచిది కాదు. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రికి చెదలు ముదిరి కొమ్మలు కూలితే 2018లో సెలైన్ సీసాలతో చుక్క చుక్కగా మందు ఎక్కించాల్సి వచ్చింది. ఏడు వందల ఏళ్ళ చెట్టని చెప్పుకునే దానికే ఆ గతి పట్టింది. ఇంకొకటి, 2021లో వేపలకు కొమ్మలెండే తెగులు వచ్చినప్పుడు చచ్చిపోయిందనుకొని నరికేసినోళ్ళు ఉన్నారు, ఓపిక పట్టినోళ్ళ చెట్లు చాలావరకు మళ్ళీ చిగురించాయి. ఎండిందనిపించినా ఒక వానాకాలం ఆగండి.

ఇప్పుడు నడుస్తున్న పని మా గల్లీలోది. సీసీ రోడ్డు వేసినప్పుడు కానుగ మొదలుకు ఆనిచ్చి కాంక్రీటు పోశారు. ఢిల్లీ చెట్ల విషయంలో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ 2013లోనే చుట్టూ మీటరు వరకు కాంక్రీటు తీసెయ్యమన్నది. మేం గల్లీవాళ్ళను ఒప్పించి గడ్డపారతో రెండు వైపులా మూరెడు పగలగొట్టినం, వేరు తగలకుండా అడుగు మట్టి చేత్తోనే తీసినం. అందులో రాలిన ఆకులు నింపి వారానికి రెండు బకెట్ల నీళ్ళు నెమ్మదిగా పోస్తున్నా. ఊడ్చిన చెత్త ఆ మొదట్లో తగలబెట్టొద్దని పక్కింటి అత్తమ్మకు చెప్పిన, ఒక పక్క సెగ తగిలినా అటువైపు బెరడు చస్తుంది. ఆమె ఇప్పుడు ఆకులన్నీ తెచ్చి ఆ గుంతలోనే వేస్తున్నది.

మిగిలింది బస్టాపు దగ్గరి వేప. మొక్కప్పుడు పెట్టిన ఇనుప ట్రీగార్డు ఇప్పుడు మానులో సగం మునిగింది, దానికి కట్టర్ మిషను కావాలి, మున్సిపాలిటీ అనుమతి కూడా. దరఖాస్తు ఇచ్చిన. కట్టర్ నడపడం వచ్చిన వెల్డింగ్ షాపు వాళ్ళెవరైనా ఒక పూట వస్తామంటే చెప్పండి, కిరాయి నేనిస్తా.